ప్రశ్న ఎవరిది?

కట్టమంచి రామలింగారెడ్డి స్మారకోపన్యాసం, చిత్తూరు



మా నాన్నగారి ట్రంకుపెట్టెలో అట్టడుగున ఒక పట్టా ఉండేది. మద్రాసు విశ్వవిద్యాలయం ముద్ర ఉన్న బి.ఏ. పట్టా. నాలుగు మడతలు పడి, మడతల దగ్గర చిరిగితే వెనక పలుచని గుడ్డ అంటించి కాపాడుకున్నారు. ఆయన ఇక్కడికి ఆరు మైళ్ల దూరంలో ఒక పల్లెలో పుట్టారు. ఇంటర్మీడియెట్ వేలూరులో, డిగ్రీ మద్రాసులో చదివారు. ఆ విశ్వవిద్యాలయం ఎలా ఉంటుంది నాన్నా అని చిన్నప్పుడు అడిగితే, "పట్టా తీసుకొనేదానికి ఒగసారి పోతి, అంతేరా" అన్నారు. ఆయనకు పాఠం చెప్పింది ఒక కాలేజీ. విశ్వవిద్యాలయం పరీక్ష పెట్టి, కాగితం ఇచ్చి పంపింది. అంతకుమించి ఆయనకూ దానికీ సంబంధం లేదు.

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో పెట్టిన మూడు విశ్వవిద్యాలయాలకూ ఆనాటి లండన్ విశ్వవిద్యాలయమే నమూనా. అనుబంధ కళాశాలల్లో చదువు, విశ్వవిద్యాలయంలో పరీక్ష. ప్రభుత్వ కొలువులకు మనుషుల్ని వడపోసే జల్లెడ అది. కొత్త విషయం కనిపెట్టడం దాని పనుల్లో లేదు. ఈ పద్ధతిని మార్చాలని పట్టుబట్టిన మొదటితరం తెలుగువాళ్లలో రామలింగారెడ్డిగారు ముందువరుసలో ఉంటారు. వారి ఊళ్లో నిలబడి, వారి పేరు మీద మాట్లాడే అవకాశం నాకు దక్కింది. వారి కవిత్వం గురించీ విమర్శ గురించీ ఇంతకుముందు ఎందరో పెద్దలు మాట్లాడారు. నేను విశ్వవిద్యాలయాన్ని గురించి మాట్లాడతాను. పరాయి ప్రభుత్వం పెట్టిన విశ్వవిద్యాలయం, యుద్ధం దాటి, స్వతంత్ర దేశంలో ఏమవ్వాలి అని ఆలోచించిన మనుషుల గురించి మాట్లాడతాను. ఆ ఆలోచనలో మన జిల్లాకు ఉన్న పాలు చిన్నది కాదు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది. అప్పటి నుంచి 1949 దాకా 23 ఏళ్లు దాన్ని నడిపింది ఇద్దరే ఇద్దరు. తొలి అయిదేళ్లూ, మళ్లీ 1936 నుంచి 1949 దాకానూ రామలింగారెడ్డిగారు. మధ్య అయిదేళ్లు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు. ఒకరిది కట్టమంచి, ఒకరిది తిరుత్తణి. 1960లో మద్రాసు రాష్ట్రానికి వెళ్లిపోయేదాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలోదే. అంటే, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి పునాది నుంచి గోడల దాకా మేస్త్రీలు మనవాళ్లు. మా నాన్న పట్టా మీద మాత్రం మద్రాసు ముద్ర!

ఇదెట్లా జరిగింది? ఆంధ్ర విశ్వవిద్యాలయ చట్టం చేసినప్పుడు రాయలసీమ జిల్లాలు అందులో ఉన్నాయి. కేంద్రం బెజవాడలో ఉండాలా, రాజమండ్రిలోనా, వాల్తేరులోనా, అనంతపురంలోనా అన్న తగువు ఏళ్ల తరబడి నడిచింది. 1930లో వాల్తేరు స్థిరపడింది. సీమ తిరిగి మద్రాసు వైపు వెళ్లిపోయింది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఇల్లు శ్రీబాగులో కోస్తా, సీమ నాయకులు కూర్చుని ఒడంబడిక రాసుకున్నప్పుడు, నీళ్లతోపాటూ రాజధానితోపాటూ విశ్వవిద్యాలయం మాట కూడా అందులోకి ఎక్కింది. వాల్తేరులో ఒక కేంద్రం, అనంతపురంలో ఒక కేంద్రం ఉండాలన్నారు. చదువు దూరమైతే ఆ నొప్పి ఎలా ఉంటుందో నీటి కరువు ఎరిగిన వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

రామలింగారెడ్డిగారి ఆలోచన ఎక్కడ తయారైందో కొంచెం నిదానంగా చూడాలి. 1880లో పుట్టి, చిత్తూరులోనూ మద్రాసు క్రిస్టియన్ కాలేజీలోనూ చదివి, ప్రభుత్వ విద్యార్థి వేతనం మీద కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కాలేజీకి వెళ్లారు. అక్కడి యూనియన్ చర్చా సంఘానికి ఉపాధ్యక్షుడిగా ఎన్నికైన మొదటి భారతీయుడు ఆయనే. తిరిగివచ్చి బరోడాలోనూ తర్వాత మైసూరు మహారాజా కాలేజీలోనూ పనిచేశారు. మైసూరు సంస్థానం సొంత విశ్వవిద్యాలయం పెట్టుకోవాలనుకున్నప్పుడు, లోకంలో విశ్వవిద్యాలయాలు ఎలా నడుస్తున్నాయో తెలుసుకునే పనిని ఇద్దరికి అప్పగించింది. ఒకరు థామస్ డెన్‌హామ్, రెండోవారు మన రెడ్డిగారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం వెలిసింది. బ్రిటిష్ ఏలుబడిలోని ప్రాంతాలకు బయట, మన దేశంలో మొదటిది అదే.

ఈ ఘట్టాన్ని జీవిత చరిత్రలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి. నాకు మాత్రం ఆయన జీవితంలో ఇదే కీలకమనిపిస్తుంది. కేంబ్రిడ్జి చూసి వచ్చినవాడు సాధారణంగా ఇక్కడ ఇంకో కేంబ్రిడ్జి కట్టాలంటాడు. ఆయన కేంబ్రిడ్జి తర్వాత అమెరికాలోని విశ్వవిద్యాలయాలను కూడా చూశారు. ఆ రోజుల్లో అక్కడి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం తన రాష్ట్రంలోని రైతుల దగ్గరికి, పాల వ్యాపారుల దగ్గరికి పాఠాన్ని మోసుకుపోతోంది. విశ్వవిద్యాలయానికి ఒకే రూపం అంటూ లేదని, ప్రతి నేలా తన అవసరాన్ని బట్టి తన రూపం తాను చేసుకోవచ్చునని గ్రహించిన మనిషి ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని నడపడానికి వెళ్లారు. అక్కడ మొదటి దశాబ్దంలోనే రసాయన సాంకేతిక శాఖ రావడం ఆ చూపు ఫలితమే. డబ్బు లేదు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మగారు ఏటా లక్ష రూపాయలు ఇస్తామని ముందుకు వచ్చారు. సైన్సు కళాశాలకు ఆయన పేరే పెట్టారు.

రాధాకృష్ణన్‌గారి అయిదేళ్లనూ ఇక్కడే చెప్పుకోవాలి. తిరుపతిలో హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ బడిలో చదువుకున్న పిల్లవాడాయన. అది జర్మను మిషనరీల బడి. కొండ కింద కూర్చుని జర్మన్లు పెట్టిన బడిలో చదివినవాడు తర్వాత ఆక్స్‌ఫర్డులో ప్రాచ్య మతాల పీఠానికి మొదటి ఆచార్యుడయ్యాడు. వాల్తేరులో ఆయన హయాంలో హుమాయూన్ కబీర్, హీరేంద్రనాథ్ ముఖర్జీ లాంటి యువకులు పాఠాలు చెప్పారు. 1933లో రవీంద్రనాథ్ ఠాగూరు వచ్చి ఉపన్యాసాలిచ్చారు. ఆ ఉపన్యాసాలు 'మ్యాన్' అన్న పేరుతో పుస్తకంగా వచ్చాయి. ఠాగూరు అంతకుముందే మన జిల్లా ఎరిగినవారు. 1919లో, అప్పుడు మన జిల్లాలో ఉన్న మదనపల్లెలో ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ దగ్గర బస చేసి, జనగణమన గీతాన్ని స్వయంగా ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. ఆ పాటకు కజిన్స్ భార్య మార్గరెట్ స్వరం కట్టారు. విశ్వవిద్యాలయం లేని జిల్లాలో, ఒక కాలేజీ ఆవరణలో, బెంగాలీ కవీ ఐరిష్ దంపతులూ కలిసి చేసిన పని అది.

ఇక యుద్ధం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. వాల్తేరు భవనాలు సైన్యం చేతికి వెళ్లాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు మూటాముల్లె సర్దుకుంది. ప్రయోగశాల తరలించడం అంటే మనం ఇల్లు మారడం లాంటిది కాదు. గాజు సామాను గడ్డిలో చుట్టాలి, తక్కెడలు విప్పాలి, గ్యాసు గొట్టాలు ఊడదీయాలి. మాంచెస్టరులో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పరిశోధన చేసి వచ్చిన టి.ఆర్. శేషాద్రిగారు, ఒక్కొక్కటిగా కూర్చుకున్న రసాయనశాలను గుంటూరులో మళ్లీ నిలబెట్టారు. పూల రంగుల్లోని పదార్థాల మీద ఆయన పని ఆగలేదు. భౌతికశాస్త్రంలో సూరి భగవంతంగారు వెంకటరాయుడుగారితో కలిసి గ్రూప్ సిద్ధాంతం మీద చేసిన పని 1948లో వాల్తేరు నుంచి విశ్వవిద్యాలయ ప్రచురణగా పుస్తకమైంది. ఆ తర్వాత విదేశీ ప్రచురణకర్తలు దాన్ని మళ్లీ అచ్చువేశారు. తెలుగునేల మీద అచ్చయిన గణిత భౌతిక గ్రంథాన్ని బయటి దేశాలవాళ్లు వెతుక్కుని చదివారు.

ఈ పని జరుగుతుండగానే యుద్ధానంతర ప్రణాళికలు మొదలయ్యాయి. 1944లో సార్జెంటు నివేదిక వచ్చింది. 1939 నాటికి ఇంగ్లండు చదువులో ఏ స్థాయిలో ఉందో, ఆ స్థాయికి భారతదేశాన్ని 40 ఏళ్లలో చేర్చాలన్నది దాని లెక్క. ఆ నివేదికలో మంచి మాటలు చాలా ఉన్నాయి. అయితే గమ్యం వాళ్లది, గడువు మాత్రం మనది. మనం పరుగెత్తి పరుగెత్తి 1984కు చేరేది 1939 నాటి ఇంగ్లండుకు!

అదే సమయంలో బ్రిటిష్ ప్రభుత్వం తన మిగతా వలసల విశ్వవిద్యాలయాల గురించి కూడా కమిషన్లు వేసింది. పశ్చిమ ఆఫ్రికాకు ఇలియట్ కమిషన్, మొత్తం వలసలకు ఆస్క్విత్ కమిషన్. వాటి ఫలితంగానే ఇబదాన్‌లో, గోల్డ్ కోస్టులో, వెస్టిండీస్‌లో యూనివర్సిటీ కాలేజీలు వచ్చాయి. అక్కడి పిల్లలకు పట్టా లండన్ విశ్వవిద్యాలయమే ఇచ్చేది. మా నాన్న పట్టా కథే, ఇంకా దూరం నుంచి.

ఇలియట్ కమిషన్ సభ్యుల్లో జేమ్స్ డఫ్ అని డర్హమ్ విశ్వవిద్యాలయ పెద్ద ఒకరున్నారు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. 1948 చివర స్వతంత్ర భారత ప్రభుత్వం విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ వేసింది. అందులో పదిమంది. జాకిర్ హుస్సేన్, మేఘనాథ్ సాహా, తారాచంద్, లక్ష్మణస్వామి మొదలియార్ వంటివారితోపాటు ముగ్గురు విదేశీయులు. ఇద్దరు అమెరికన్లు, జాన్ టైగర్ట్, ఆర్థర్ మోర్గన్. మూడోవారు డఫ్. అధ్యక్షుడు రాధాకృష్ణన్.

అంతకు నాలుగైదేళ్ల ముందు ఆఫ్రికావాళ్ల చదువు ఎలా ఉండాలో నిర్ణయించడానికి లండన్ పంపిన మనిషి, ఇక్కడికి సభ్యుడిగా వచ్చి, తిరుపతి బడిపిల్లవాడు అధ్యక్షత వహించిన బల్ల చుట్టూ కూర్చున్నాడు. మనిషి అదే, అనుభవం అదే. కానీ ఏం అడగాలో నిర్ణయించే కుర్చీ చేతులు మారింది. దేశాల మధ్య విద్యా సంబంధాలను గురించి నేను ఎప్పుడు ఆలోచించినా నాకు ఆ బల్ల కళ్లముందు కనిపిస్తుంది. బయటివాళ్లు రాకూడదని రాధాకృష్ణన్‌గారు అనలేదు, పదిమందిలో ముగ్గుర్ని కూర్చోబెట్టుకున్నారు. ప్రశ్న మాత్రం ఈ దేశానిదిగా ఉంచారు.

మోర్గన్ సంగతి వింటే మన సీమవాళ్లకు ప్రాణం లేచి వస్తుంది. ఆయన ఆనకట్టల ఇంజనీరు. అమెరికాలో టెన్నెసీ లోయ ప్రాధికార సంస్థకు మొదటి అధ్యక్షుడు, అంతకుముందు ఆంటియోక్ కాలేజీని నడిపినవాడు. 1949 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో గ్రామీణ విశ్వవిద్యాలయాల ఆలోచన మీద ఆయన ముద్ర గాఢంగా కనిపిస్తుంది. పల్లెల మధ్య చిన్న చిన్న కళాశాలలు, నడుమ ఒక విశ్వవిద్యాలయం, చదువుతోపాటు చుట్టుపక్కల పొలాల పని, నీళ్ల పని. గాంధీగారి నయీ తాలీమూ డెన్మార్కు జానపద పాఠశాలలూ ఆ ఆలోచనకు రెండు పక్కలా ఉన్నాయి. ఆ నివేదికలోని మిగతా సూచనల్లో కొన్ని అమలైనాయి. 1953లో యూజీసీ మొదలైంది. గ్రామీణ విశ్వవిద్యాలయం మాత్రం ఎక్కువగా కాగితం మీదే మిగిలింది. మన స్వాతంత్ర్యానంతర విద్యాచరిత్రలో అతిపెద్ద నష్టం ఇదేనని నా నమ్మకం. ఒప్పుకోనివారు ఉండవచ్చు, వారితో వాదించడానికి నేను సిద్ధం.

సొంత ప్రశ్న ఉన్నచోట పరాయి దేశంతో స్నేహం ఎంత ఫలిస్తుందో చెప్పడానికి నాకు ఇష్టమైన ఉదాహరణ వాల్తేరు సముద్రం. 1949లో రెడ్డిగారి తర్వాత ఉపకులపతిగా వచ్చిన వాసిరెడ్డి శ్రీకృష్ణగారి కాలంలో, 1952లో, అమెరికా నుంచి యూజీన్ లఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త ఫుల్‌బ్రైట్ ఆచార్యుడిగా వచ్చారు. శాన్ డియేగోలో అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో పనిచేసేవారు. భూగర్భశాస్త్రంలో సి. మహదేవన్‌గారు అప్పటికే శాఖను గట్టిగా నిలబెట్టారు. కిటికీ తెరిస్తే సముద్రం. దాని లోతెంత, అడుగున ఏముంది, ఏ నెలలో ఏ ప్రవాహం ఎటు పోతుంది, ఎందుకు కొన్నిచోట్ల చేపలు ఎక్కువ? ఈ ప్రశ్నలు అక్కడి జాలర్లు తరతరాలుగా అడుగుతున్నవే. మన నౌకాదళం ఓడలు ఇచ్చింది. కుర్రాళ్లు ఆ ఓడల మీద వాంతులు చేసుకుంటూనే తాళ్లకు సీసాలు కట్టి సముద్రంలోకి దించి, ఉష్ణోగ్రతలు కొలిచి, నీళ్లు పైకి తెచ్చారు. వాళ్ల పరిశోధన పత్రాలు 1954లో విశ్వవిద్యాలయ ప్రచురణగానే వెలువడ్డాయి. 1960లలో తూర్పు తీరం దగ్గర సముద్రం అడుగున లోయలు బయటపడితే, లఫాండ్ వాటికి పేర్లు పెట్టారు. ఒకదానికి ఆంధ్ర, ఒకదానికి మహదేవన్, ఒకదానికి కృష్ణ. వచ్చిన అతిథి తన పేరు పెట్టుకోలేదు. తనకు ప్రశ్న చూపించినవాళ్ల పేర్లు పెట్టాడు.

బయట నేర్చినదాన్ని ఇంటికి తెచ్చినవారూ అదే ఊళ్లో ఉన్నారు, స్వామి జ్ఞానానందగారు. సన్యాసి. ప్రేగ్‌లోనూ లివర్‌పూల్‌లోనూ పరిశోధన చేసి వచ్చి వాల్తేరులో అణుభౌతిక ప్రయోగశాల నెలకొల్పారు.

ఇప్పుడు తిరుపతికి వద్దాం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1954 సెప్టెంబరు 2న, ప్రకాశంగారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలైంది. మొదటి ఉపకులపతి ఎస్. గోవిందరాజులు నాయుడుగారు. శ్రీబాగులో అనంతపురం అన్నారు, వచ్చింది తిరుపతికి. అనంతపురానికి 1968లో పీజీ కేంద్రం, 1981లో సొంత విశ్వవిద్యాలయం దక్కాయి. రామలింగారెడ్డిగారు 1951 ఫిబ్రవరిలోనే కన్నుమూశారు. తన జిల్లాలో విశ్వవిద్యాలయం చూడకుండానే వెళ్లిపోయారు. ఈ మాట రాస్తున్నప్పుడు నా చెయ్యి ఆగింది.

తిరుపతికి ఇంకొక దారిలో చదువు ముందే వచ్చి ఉంది. దేవస్థానం 1939లో ప్రాచ్య పరిశోధన సంస్థను పెట్టింది. అందులో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు కూర్చుని తిరుమల గుడి అరలో దొరికిన, అన్నమాచార్యుల కీర్తనలు చెక్కిన రాగిరేకులు చదివారు. వాటిలో ఒక రేకును ఒకసారి దగ్గరగా చూసే భాగ్యం నాకు కలిగింది. అరచేతి కన్నా పెద్దది. అక్షరం కింద అక్షరం ఇరుగ్గా చెక్కి ఉంది. దీపం పక్కకు జరిపితే తప్ప గాటు కనపడదు. వెలుతురు ఎదురుగా పడితే రేకు అంతా ఒకటే మెరుపు. పక్క నుంచి పడితే అక్షరం నీడతో లేస్తుంది. పదిహేనో శతాబ్దపు తెలుగు మాట, మన పల్లెల్లో ఇవాళ్టికీ వాడే మాట, ఆ నీడలోంచి పైకి వస్తుంది. శాస్త్రిగారు, తర్వాత రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, ఇంకా కొందరు ఏళ్లపాటు కళ్లు కాయలు కాసేలా ఇదే పని చేశారు. పాటలు అచ్చయ్యాయి. 2005లో విస్కాన్సిన్‌లో తెలుగు చెప్పిన వెల్చేరు నారాయణరావుగారూ జెరూసలేంలో పనిచేసిన డేవిడ్ షుల్మన్‌గారూ ఆ కీర్తనలను ఇంగ్లీషులో పుస్తకంగా తెచ్చారు. తిరుమల అరలోంచి జెరూసలేం దాకా ఆ దారి ఎట్లా పడింది? తిరుపతిలో ఎవరో ఒకరు మొదట దీపం పక్కకు జరిపి చదివారు కాబట్టి పడింది. ఆ పని ఇక్కడ జరగకపోతే అక్కడివాళ్లకు అనువదించడానికి ఏమీ ఉండేది కాదు.

ఇవాళ మనకు విశ్వవిద్యాలయాల కొరత లేదు. తిరుపతిలో సంస్కృతానికి ఒకటి, మహిళలకు ఒకటి, ఐఐటీ, ఐసర్. మూడు రాష్ట్రాల సరిహద్దులో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం. విదేశీ సంస్థలతో ఒప్పంద పత్రాల మీద సంతకాలు తరచుగా జరుగుతున్నాయి, ఫొటోలు పేపర్లలో వస్తున్నాయి. సంతోషమే. ఆ పత్రం మీద సంతకం పెట్టేముందు ఎవరో ఒకరు లేచి, మన దగ్గర వాళ్లు నేర్చుకోవలసిన ప్రశ్న ఏది అని అడగాలని నా కోరిక. సముద్రం ఉన్నచోట సముద్రం గురించి అడిగారు. రాగిరేకులు ఉన్నచోట రాగిరేకుల గురించి అడిగారు. మన చిత్తూరులో అడగవలసింది ఏది?

నాకు తోచినది చెబుతాను. రెడ్డిగారు 1899లో, చాలా చిన్నవయసులో రాసిన 'ముసలమ్మ మరణం' అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే ప్రాణమిచ్చిన ఇల్లాలి కథ. చిత్తూరు బిడ్డ తొలి కావ్యానికి చెరువు కట్టను ఎంచుకోవడం వట్టి యాదృచ్ఛికం అనుకోను. ఈ జిల్లా బతుకంతా గొలుసుకట్టు చెరువుల మీద నడిచింది. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండేది. ఇప్పుడు కొన్ని గొలుసులు ఎందుకు తెగాయి, ఏ కాలువ ఎక్కడ పూడిపోయింది, నీరుకట్టు మనిషి పంచిన వంతులు ఏ పద్ధతిన నడిచేవి, బోర్లు వచ్చాక ఊటబావుల నీళ్లు ఎంత లోతుకు దిగాయి, ఇవన్నీ ఊరూరా రాసి, కొలిచి, లెక్కగట్టవలసిన ప్రశ్నలు. ఆనకట్టల ఇంజనీరు మోర్గన్ కోరిన గ్రామీణ విశ్వవిద్యాలయానికి ఇంతకన్నా తగిన పాఠం ఉండదు. ఎండ కాసే దేశాలన్నింటికీ ఈ ప్రశ్న కావాలి. ఇక్కడ పని మొదలైతే వాళ్లే మనల్ని వెతుక్కుంటూ వస్తారు.

పని మొదలవ్వలేదని కూడా అనలేను. పోయిన ఎండాకాలం ఒక డిగ్రీ విద్యార్థిని నన్ను వాళ్ల ఊరి చెరువు దగ్గరికి తీసుకుపోయింది. చెరువులో నీళ్లు మోకాటి లోతు. చేతిలో ఒక వెదురు గడ. గడ మీద జానెడు జానెడుకు ఎర్రరంగు గీతలు తానే వేసుకుంది. నీళ్లలో పది అడుగులు నడవడం, గడ దించడం, గట్టినేల తగిలేదాకా గుచ్చడం, బురద ఎన్ని గీతల దాకా అంటిందో చూడడం. కట్ట మీద కూర్చున్న వాళ్ల తాత గొంతెత్తి, "ఆడ కాదు పాపా, పాత తూము కాడ చూడు, ఆడే ఎక్కువ పూడింది" అంటున్నాడు. ఆ పిల్ల అటు నడిచింది. గడ దించింది. బురద అంటిన గీతలు లెక్కపెట్టి, చున్నీకి చెయ్యి తుడుచుకుని, నోటుబుక్కులో రాసుకుంది: పాత తూము, నాలుగు జానలు.